ఇనుప టోపీ: అసలూ, నకలూ

ఫ్రాన్సు దేశానికి ఉత్తరాన, సముద్రతీరంలో నార్మండీ అనే ప్రాంతం ఉంది. అక్కడ సెంత్ మేర్ ఎగ్లీజ్ అనే చిన్న ఊరు. ఆ ఊరికి వెళ్ళినవాళ్ళు చర్చి ముందు నిలబడి, ముందుగా తలెత్తి పైకి చూస్తారు. చర్చి శిఖరం దగ్గర ఒక పారాచూట్ చిక్కుకుని ఉంటుంది. దాని తాళ్ళకు సైనికుడి దుస్తుల్లో ఒక మనిషి వేలాడుతుంటాడు. భయపడకండి! అది బొమ్మ.

కాని ఒకనాడు అక్కడ నిజంగానే ఒక మనిషి వేలాడాడు. 1944 జూన్ 6వ తేదీ, ఇంకా తెల్లవారలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ల అధీనంలో ఉన్న ఫ్రాన్సును విడిపించడానికి వేలమంది సైనికులు విమానాల నుంచి పారాచూట్లతో దూకుతున్నారు. వారిలో జాన్ స్టీల్ అనే అమెరికా సైనికుడి పారాచూట్ పోయి పోయి ఆ చర్చికి తగులుకుంది. కింద కాల్పులు జరుగుతున్నాయి. పాపం, ఏం చేస్తాడు? చచ్చినవాడిలా కదలకుండా వేలాడుతూ ఉండిపోయాడు. ఇంచుమించు రెండు గంటల తరువాత జర్మన్లు అతన్ని దించి బందీగా పట్టుకున్నారు. అతను తప్పించుకుని మళ్ళీ తన దళంలో చేరాడు. ఆ బొమ్మ అతని జ్ఞాపకార్థం పెట్టిందే.

ఏటా జూన్ నెల వచ్చిందంటే నార్మండీ నిండా ‘1944 నాటి సైనికులు’ కనబడతారు. వీరు నిజమైన సైనికులు కారు. చరిత్రంటే ఇష్టం కొద్దీ ఆనాటి దుస్తులు వేసుకుని, ఆనాటి ఘట్టాలను తిరిగి ప్రదర్శించి చూపే మామూలు పౌరులు. వారి తలల మీద పారాచూట్ సైనికుల ఇనుప టోపీలు ఉంటాయి. చూడటానికి అచ్చం ఆనాటివే! కాని వాటిలో చాలా వాటిని ఈ మధ్యనే తయారు చేశారు. అంటే అవి ప్రతిరూపాలు.

ఇక్కడ ఒక ప్రశ్న. అచ్చం అలాగే కనిపించే టోపీ, అచ్చం అలాగే పనిచేస్తుందా? జవాబు వెతుకుదాం రండి. ఈ జవాబు నార్మండీలోనే కాదు, మన ఊరి రోడ్డు మీద కూడా పనికొస్తుంది.

మామూలు ఇనుప టోపీ ఎందుకు చాలలేదు?

మొదటి ప్రపంచయుద్ధం 1914లో మొదలైనప్పుడు సైనికులు గుడ్డ టోపీలతో, తోలు టోపీలతో యుద్ధానికి వెళ్ళారు. కందకాల్లో దాక్కున్నా, పైన పేలిన ఫిరంగి గుండ్ల ముక్కలు వచ్చి తలమీద పడేవి. అందుకని 1915లో ఫ్రాన్సు, బ్రిటన్, 1916లో జర్మనీ ఉక్కు టోపీలు తెచ్చాయి. తూటాలను ఆపడం వాటి ముఖ్యమైన పని కాదు. పైనుంచి పడే ముక్కల నుంచి తలను కాపాడితే చాలు.

పారాచూట్ సైనికుడి సంగతి వేరు. అతనికి ఇంకో మూడు చిక్కులున్నాయి.

మొదటిది, అంచు. వెడల్పైన అంచులున్న టోపీతో దూకితే గాలి దాని కిందికి దూరి తలను వెనక్కి లాగుతుంది. పారాచూట్ తాళ్ళు కూడా అంచుకు చిక్కుకోవచ్చు.

రెండవది, కుదుపు. పారాచూట్ విచ్చుకోగానే సైనికుడి వేగం ఒక్కసారిగా తగ్గిపోతుంది. బస్సు డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేస్తే మీరు ముందుకు తూలుతారు గదా! టోపీకి కూడా అదే జడత్వం ఉంటుంది. మనిషి ఆగినా అది పాత వేగంతోనే పోవాలని చూస్తుంది. గట్టి పట్టీ లేకపోతే తలను విడిచి ఎగిరిపోతుంది.

మూడవది, నేలను తాకడం. ఆనాటి గుండ్రని పారాచూట్‌తో సైనికుడు సెకనుకు సుమారు 6 మీటర్ల వేగంతో దిగేవాడు. ఇది ఎంత వేగం? మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని సూత్రంతో లెక్కకట్టండి. వేగం వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగించాలి. 36ను 19.6తో భాగిస్తే సుమారు 1.8 మీటర్లు వస్తుంది. అంటే బరువైన మూటలు కట్టుకుని, చీకట్లో, ఆరడుగుల గోడ మీదినుంచి దూకినట్లన్నమాట! కాళ్ళు తడబడితే తల నేలకు కొట్టుకుంటుంది.

మూడు దేశాలు, మూడు ఉపాయాలు

జర్మనీ 1930ల్లోనే పారాచూట్ దళాలను తయారు చేసుకుంది. వారి మామూలు సైనికుల టోపీకి ముందు చూరులాంటి అంచు, చెవుల మీదికి దిగే రెక్కలు ఉండేవి. పారాచూట్ సైనికుల కోసం వాటిని దాదాపుగా తీసేసి, బోర్లించిన గిన్నెలా గుండ్రంగా చేశారు. లోపల తోలు, దాని వెనుక మందమైన రబ్బరు మెత్త అమర్చారు. నాలుగుచోట్ల నుంచి వచ్చే పట్టీలతో టోపీ తలకు అంటిపెట్టుకుని ఉండేది. వారి పారాచూట్ తాళ్ళు వీపు వెనుక ఒకేచోట కలిసేవి. అందువల్ల సైనికుడు ముందుకు వాలి, మోకాళ్ళ మీద, చేతుల మీద పడేవాడు. అలా పడేవాడికి మెత్త ఎంత అవసరమో వేరే చెప్పాలా? 1941 మే నెలలో క్రీటు ద్వీపం మీద వేలమంది జర్మన్ సైనికులు ఈ టోపీలతోనే దూకారు.

బ్రిటన్ 1940లో మాంచెస్టరు దగ్గర రింగ్‌వే అనే చోట శిక్షణ మొదలుపెట్టింది. అక్కడ వాడిన విట్లీ విమానానికి దూకడానికి సరైన తలుపు లేదు. నేలలో ఉన్న గుండ్రటి కంత గుండా జారి దూకాలి. కొంచెం తేడా వస్తే ముఖం కంత ఎదుటి అంచుకు ఠంగున కొట్టుకునేది! దీనికి సైనికులు ‘గంట కొట్టడం’ అని వేళాకోళంగా పేరు పెట్టుకున్నారు. శిక్షణలో వారు గుడ్డతో, స్పాంజి రబ్బరుతో చేసిన టోపీలు వాడారు. తరువాత యుద్ధం కోసం వెడల్పైన అంచు లేని ఉక్కు టోపీ వచ్చింది.

అమెరికా వేరే దారి పట్టింది. 1941లో ఆ దేశం ‘ఎం-1’ అనే టోపీని తన సైన్యమంతటికీ ఎంపిక చేసింది. ఇది ఒకటి కాదు, రెండు టోపీలు! పైన ఉక్కు చిప్ప, దాని లోపల సరిగ్గా ఇమిడే మరో తేలికపాటి టోపీ. యుద్ధకాలంలో రెండు కోట్లకు పైగా ఉక్కు చిప్పలు తయారయ్యాయి. పారాచూట్ సైనికుల కోసం ఇందులో కొన్ని మార్పులు చేశారు. లోపలి టోపీకి రెండు పక్కలా పట్టీలు కుట్టి, వాటిని గడ్డం కింద తోలు గుంటతో బిగించే ఏర్పాటు చేశారు. ఉక్కు చిప్పకు పట్టీ తగిలించే లోహపు కొక్కేలను ఆంగ్ల అక్షరం ‘డి’ ఆకారంలో చేసి అతికించారు. ఈ కొక్కేలు కదిలేవి కావు. టోపీ కింద పడినా, ఎవరైనా దానిమీద కూర్చున్నా అతుకు దగ్గర విరిగేవి. తరువాత అటూ ఇటూ తిరిగే కొక్కేలు వచ్చాక ఆ బాధ తగ్గింది. బిగుసుకుని ఉన్నది విరుగుతుంది, కాస్త వంగేది నిలుస్తుంది. ఈ చిన్న పాఠం నేర్చుకోవడానికి ఇంజనీర్లకు కొన్నేళ్ళు పట్టింది.

మన దేశంలోనూ పారాచూట్ దళాలు ఆ రోజుల్లోనే పుట్టాయి. 1941 అక్టోబరు 15న కరాచీలో లెఫ్టినెంటు రంగరాజ్, హవల్దార్ మేజర్ మథురా సింగ్ పారాచూట్‌తో దూకారు. అలా దూకిన తొలి భారత సైనికులు వారే. రంగరాజ్ ఒక వైద్యుడు!

కాపాడేది ఉక్కు ఒక్కటే కాదు

టోపీ అనగానే మనకు పైనున్న ఉక్కు కనిపిస్తుంది. కాని తల నేలకు కొట్టుకున్నప్పుడు అసలు పని చేసేది లోపలి మెత్త. ఎలాగంటారా? మళ్ళీ ఒక చిన్న లెక్క.

సెకనుకు 6 మీటర్ల వేగంతో పోతున్న తల గట్టి వస్తువుకు తగిలి ఆగిపోయిందనుకోండి. మెత్త ఏమీ లేదు, తల 2 మిల్లీమీటర్ల దూరంలోనే ఆగింది. అప్పుడు ఋణత్వరణం ఎంత? వేగం వర్గాన్ని, ఆగడానికి పట్టిన దూరానికి రెట్టింపుతో భాగించండి. 36ను 0.004తో భాగిస్తే 9,000 వస్తుంది. ఇది గురుత్వ త్వరణానికి 900 రెట్లకు పైనే! పుర్రె పగలకపోయినా, లోపల మెదడు ఈ దెబ్బకు తట్టుకోలేదు.

ఇప్పుడు తలకూ ఉక్కుకూ మధ్య మెత్త పెట్టండి. అది నలుగుతూ తలను 20 మిల్లీమీటర్ల దూరంలో ఆపిందనుకుందాం. అదే వేగం, అదే తల. కాని లెక్క 900కు దిగింది. గురుత్వ త్వరణానికి సుమారు 90 రెట్లు. దెబ్బ పదోవంతయింది! రెండంగుళాలు కూడా లేని ఈ చిన్న దూరమే ప్రాణానికీ మరణానికీ మధ్య ఉన్న దూరం.

క్రికెట్ ఆటగాడు బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటాడు చూశారా? మెత్త చేసే పనీ అదే. ఆగడానికి కాస్త ఎక్కువ దూరాన్ని, కాస్త ఎక్కువ సమయాన్ని ఇస్తుంది. దానికి తోడు దెబ్బను ఒకేచోట పడకుండా తలంతటికీ పంచుతుంది. ఇక పట్టీ లేకపోతే ఇదంతా వృథా. తల నేలను తాకే వేళకు టోపీ తలమీద ఉండాలి గదా!

ఉక్కులో దాగిన మర్మం

అలాగని ఉక్కు సంగతి తక్కువది కాదు. ఇంగ్లండులో రాబర్టు హాడ్‌ఫీల్డు అనే లోహశాస్త్రవేత్త 1882లో ఒక వింత ఉక్కును కనిపెట్టాడు. ఇనుములో సుమారు 12 శాతం మాంగనీసు కలిపాడు. అలా తయారైన ఉక్కుకు రెండు విచిత్ర గుణాలున్నాయి. ఒకటి, దెబ్బ తగిలినకొద్దీ ఆ తగిలిన చోట అది ఇంకా గట్టిపడుతుంది. రెండు, దాన్ని అయస్కాంతం ఆకర్షించదు! ఇనుములో పరమాణువులు పేర్చుకునే తీరును మాంగనీసు మార్చివేయడమే దీనికి కారణం.

బ్రిటన్ మొదటి ప్రపంచయుద్ధంలోనే ఈ ఉక్కుతో టోపీలు చేసింది. అమెరికా ఎం-1 చిప్ప కూడా దీనితోనే చేసింది. చిప్ప మందం ఇంచుమించు 1 మిల్లీమీటరే. చల్లగా ఉన్న రేకునే ప్రెస్సులో పెట్టి, లోతైన గిన్నెలాగా సాగదీసేవారు. అలా సాగదీసినప్పుడు లోహంలో కొంత బిగువు మిగిలిపోతుంది. అందుకే ఆనాటి చాలా చిప్పల అంచుల్లో వెంట్రుకంత సన్నని పగుళ్ళు కనబడతాయి. ఎండలో మెరవకుండా ఉండడానికి, సీసా బిరడాలు చేసే కార్కును పొడికొట్టి చిప్ప మీది రంగులో కలిపారు. అందువల్ల దాని పైభాగం గరుకుగా ఉంటుంది.

ప్రతిరూపాలు ఎవరికి కావాలి?

మ్యూజియాల వాళ్ళకు కావాలి. ఎనభై ఏళ్ళ నాటి తోలు ఎండి పెళుసుబారుతుంది, రబ్బరు గట్టిపడి పొడిపొడిగా రాలుతుంది. అసలు టోపీని గాజు పెట్టెలో భద్రంగా ఉంచి, పిల్లలు పట్టుకుని చూడడానికి ప్రతిరూపాన్ని ఇవ్వచ్చు. సినిమావాళ్ళకు కావాలి. అసలు ఎం-1 బరువు కిలోకు పైనే. రోజంతా పరుగెత్తే నటులకు ప్లాస్టిక్ టోపీ అయితే సుఖం. చరిత్రను ప్రదర్శించేవారికి, సేకరించేవారికీ కావాలి. అసలైనవి అరుదు, ఖరీదు కూడా ఎక్కువ.

వీటిని రకరకాలుగా చేస్తారు. కొందరు మామూలు మెత్తటి ఉక్కు రేకును అచ్చులో వేసి నొక్కుతారు. కొందరు అసలు టోపీ నుంచి అచ్చు తీసి, దానిలో ఫైబర్ గ్లాసు పోస్తారు. మరికొందరు యుద్ధం తరువాత తయారైన పాత టోపీలను కొని, వాటి కొక్కేలు, పట్టీలు మార్చి, 1944 నాటి రూపం తెస్తారు. పట్టీ నేత దగ్గర నుంచి కుట్టు దారం రంగు వరకు పరిశోధించి చేసే పనివాళ్ళూ ఉన్నారు. వారి శ్రమ చిన్నది కాదు. ఒక వస్తువును తిరిగి చేసి చూస్తేనే, మొదట చేసినవాడు ఎందుకు అలా చేశాడో తెలుస్తుంది.

“ఇది ప్రతిరూపం” అని చెప్పి అమ్మితే ఏ తప్పూ లేదు. కాని కొందరు దానికి తుప్పు పట్టించి, రంగు గీకి, “ఇది అసలుది” అని అమ్ముతారు. అప్పుడది నకిలీ. ప్రతిరూపానికీ నకిలీకీ తేడా వస్తువులో లేదు, చెప్పే మాటలో ఉంది.

అపరాధ పరిశోధన

మరి అసలుదాన్ని పోల్చుకోవడం ఎలా? సేకరించేవారు డిటెక్టివుల్లా పనిచేస్తారు.

ముందు అయస్కాంతం తీస్తారు. ఎం-1 చిప్పకు అది గట్టిగా అతుక్కుంటే అనుమానించవలసిందే. అది మాంగనీసు ఉక్కు కాదు. అయితే జర్మన్ టోపీలు వేరే రకం ఉక్కువి. వాటిలో అసలైనవాటికి కూడా అయస్కాంతం అతుక్కుంటుంది. కాబట్టి ఏ టోపీకి ఏ పరీక్షో తెలిసి ఉండాలి.

తరువాత అంచు చూస్తారు. ఎం-1 చిప్ప అంచుకు చుట్టిన లోహపు పట్టీ కలిసే చోటు మొదట్లో నుదుటివైపు ఉండేది. 1944 చివరి నుంచి అది వెనుకవైపుకు మారింది. చిప్ప లోపల ముందుభాగంలో ముద్రించిన అంకెలు కూడా చూస్తారు. 1944 జూన్‌లో దూకిన సైనికుడి టోపీ అని చెప్పి, అతుకు వెనుకనున్న చిప్ప చూపిస్తే, కథ అక్కడే బయటపడిపోతుంది!

కొన్ని మోసాలు ఇంకా తెలివైనవి. చిప్ప అసలైనదే, మామూలు సైనికుడిది. దానికి ‘డి’ కొక్కేలు కొత్తగా అతికించి పారాచూట్ సైనికుడిదని చెబుతారు. అయస్కాంత పరీక్షలో అది నెగ్గుతుంది. అతుకును భూతద్దంతో చూస్తే గాని దొంగ దొరకడు. అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో దళాలను గుర్తుపట్టడానికి టోపీ పక్కన పేకముక్కల గుర్తులు వేసేవారు. 506వ దళానికి ఇస్పేటు, 502కు ఆఠీను, 501కి డైమను, 327కు కళావరు. ఒక చిన్న ఇస్పేటు గుర్తు పడితే టోపీ ధర పెరుగుతుంది. అందుకే పాత టోపీల మీద కొత్త ఇస్పేట్లు పుట్టుకొస్తుంటాయి! పాత రంగు మీద కొత్త రంగు కూర్చున్న తీరును, పాత గీతల మీదికి కొత్త రంగు పాకిందా అన్న సంగతిని నిపుణులు పరీక్షిస్తారు. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. అన్ని సాక్ష్యాలూ ఒకే మాట చెబితేనే నమ్మాలి. విజ్ఞానశాస్త్రం నడిచే దారి కూడా ఇదే.

మీరే చేసి చూడండి

ఒకే సైజున్న రెండు కొబ్బరి చిప్పలు, రెండు కోడిగుడ్లు, కాస్త స్పాంజి ముక్క, రెండు ప్లాస్టిక్ సంచులు తీసుకోండి. ఒక చిప్ప అడుగున రెండు సెంటీమీటర్ల మందాన స్పాంజి పెట్టండి. రెండవదానిలో ఏమీ పెట్టకండి. రెండింటిలోనూ గుడ్లు ఉంచి, కదలకుండా టేపుతో కట్టి, సంచుల్లో వేయండి. చిప్ప కిందివైపుకు ఉండేటట్టు పట్టుకుని, మోకాలి ఎత్తు నుంచి గచ్చు మీదికి వదలండి. తరువాత ఎత్తు కొంచెం కొంచెంగా పెంచుతూ, ఏ గుడ్డు ఏ ఎత్తులో పగిలిందో పుస్తకంలో రాసుకోండి. బయటినుంచి చూస్తే రెండు చిప్పలూ ఒకటే. గుడ్లకు మాత్రం ఒకటి కాదు!

రోడ్డు మీద ఇదే ప్రశ్న

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. అచ్చం అలాగే కనిపించే టోపీ అలాగే పనిచేస్తుందా? పని చేయాలని దాన్ని చేయలేదు! ప్రదర్శన కోసం చేసిన టోపీ కంటికి కనిపించే ఆకారాన్ని నకలు తీస్తుంది. ఉక్కు గుణం, మెత్త గుణం కంటికి కనిపించవు. వాటిని నకలు తీయాలంటే డబ్బు, పరీక్షలు కావాలి.

జర్మన్ టోపీ ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ టోపీలు పెట్టుకుని మోటారు సైకిలు నడిపేవాళ్ళను మీరూ చూసి ఉంటారు. రోడ్డు పక్కన బల్ల మీద అమ్మే సగం టోపీలు కూడా అలాంటివే. పోలీసు కంటికి అవి హెల్మెట్లలాగే కనిపించవచ్చు. రోడ్డుకు కళ్ళు లేవు! దానికి ఆకారంతో పనిలేదు. తలను ఎంత దూరంలో ఆపారన్నదే దాని లెక్క.

మంచి హెల్మెట్ లోపల ఉండేది థర్మోకోల్‌కు దగ్గరి చుట్టమైన గట్టి నురుగు పదార్థం. దెబ్బ తగిలితే అది నలిగి, మన తలకు ఆ కొద్ది దూరాన్ని సంపాదించి పెడుతుంది. ఒకసారి నలిగితే మళ్ళీ లేవదు. అందుకే ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెట్‌ను, పైకి బాగానే ఉన్నా, మళ్ళీ వాడకూడదు. మన దేశంలో 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు. ఈసారి ఇంట్లో హెల్మెట్ కనబడితే తిప్పి లోపల చూడండి. మెత్త ఉందా? పట్టీ గట్టిగా బిగుస్తుందా? గుర్తు ఉందా? లేకపోతే నాన్నకో, అన్నయ్యకో లెక్క వేసి చూపించండి. 2 మిల్లీమీటర్లకు 900 రెట్లు, 20 మిల్లీమీటర్లకు 90 రెట్లు!

నార్మండీలో చర్చి మీద వేలాడే బొమ్మకు ఏ టోపీ పెట్టినా ఒకటే. దాని తలకు దెబ్బ తగలదు. ఆనాడు అక్కడ వేలాడిన మనిషికి మాత్రం టోపీ లోపల ఏముందన్నది ముఖ్యం. మనకూ అంతే.